మూడో నంబరు ఎవరికి?

బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిందంటే మన టీవీలకు పండగ. ఈ వారమూ అదే వరస. "ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అంటూ ఎర్రపట్టీ, వెనకాల గుండెలదిరే సంగీతం. ఒక చానల్లో యాంకరమ్మ "మూడో నంబరు" అని గొంతు పెంచి మరీ రెండుసార్లు అంది. విన్నవాడు ఇంట్లో ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదు మరి. మూడో నంబరు ఇంట్లో ఉన్నవాడికి పెట్టింది కాదు, పైగా అది ప్రమాద హెచ్చరిక కూడా కాదు.

ఈ నంబర్ల మీద నాకు పాత కక్ష. కాస్త ఓపిక పట్టండి. రేవుల్లో ఎగరేసే సంకేతాలు మొత్తం పదకొండు. ఒకటీ రెండూ ఎక్కడో దూరాన సముద్రంలో గాలి సుడి తిరుగుతోందని బయల్దేరే ఓడలకు చెప్పేవి. మూడూ నాలుగూ రేవు దగ్గర గాలివాన రావచ్చు, కాస్త చూసుకోండి అనే రకం. నాలుగు ఎగరేసిన రోజున కూడా పెద్ద ఎత్తున జాగ్రత్తలు పడేంత ముప్పు ఇంకా కనబడలేదనే అర్థం. ప్రమాదం అన్న మాట ఐదు దగ్గర గానీ మొదలవదు. కానీ మన పత్రికల్లో ఒకటి నుంచీ అన్నీ ప్రమాద హెచ్చరికలే.

అసలు తమాషా ఆ ఐదు దగ్గరే ఉంది. "ఐదు నుంచి ఆరుకు పెంచారు" అని రాస్తాం, థర్మామీటర్లో జ్వరం ఎక్కినట్టు. నిజానికి ఐదంటే తుపాను దారికి ఆ రేవు ఎడమపక్కన పడుతుందని. ఆరంటే కుడిపక్కన. ఏడంటే తుపాను రేవు మీదుగానో, దాపుగానో పోతుందని. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అచ్చం ఇదే లెక్క, తుపాను పెద్దదవుతుంది అంతే. ఇక పదకొండు! వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, రేవు అధికారికి మాత్రం ముప్పు తోస్తోంది అని దాని భావం. ఓడ నడిపేవాడికి ఇవన్నీ కంఠోపాఠం. ఊళ్లో వాళ్లకు ఎప్పుడైనా ఎవరైనా విడమరిచి చెప్పారా?

చెప్పి ఉండాల్సింది, ఎందుకంటే ఆ కుడీ ఎడమల్లో ప్రాణాలున్నాయి. మన తీరానికి వచ్చే తుపానుకు కుడివైపు గాలి సముద్రాన్ని నేల మీదికి తోసుకొస్తుంది. ఎడమవైపు గాలి నేల మీంచి సముద్రానికి పోతుంది. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. ఉప్పెన ఊడ్చుకుపోయింది దానికి కుడిపక్కనున్న దివిసీమను. పదివేల ప్రాణాలు పోయాయి. ఏ ఊరి మీదికి ఎంత నీళ్లు వస్తాయో, ఏ గంటకల్లా ఎక్కడికి చేరాలో చెప్పే కబురు ఆ పల్లెలకు కావాలి. ఇన్నేళ్ల తర్వాత కూడా మనం నంబరే చదువుతున్నాం.

నంబర్లను వదిలేసి పేర్ల దగ్గరికి వద్దాం. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను, ఆపైన అతి తీవ్ర. ఈ మెట్లన్నీ గాలి వేగంతో కట్టినవి. గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే తుపాను, అందుకోకపోతే కాదు. వానకు ఈ మెట్లతో చుట్టరికం లేదు. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటింది ఉత్త తీవ్ర వాయుగుండం. ఆ రాత్రి హైదరాబాదులో చెరువులు తెగి కాలనీలు మునిగాయి. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటింది వట్టి వాయుగుండం, పైగా శ్రీకాకుళం జిల్లాలో. మునిగింది బెజవాడ. బుడమేరు సింగ్‌నగర్ మీద పడింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. "వాయుగుండం బలహీనపడింది" అన్న వార్త విని హాయిగా పడుకున్న ఇళ్లలోకే నీళ్లొస్తాయి. బలహీనపడేది గాలి. ఆ ఒక్క మాట కలిపి చదవడానికి యాంకరుకు ఎంతసేపు పడుతుంది?

ఇది మన చేతకాని పనేం కాదని భద్రాచలం వెళితే తెలుస్తుంది. గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడ టీకొట్టు దగ్గర ఎవరిని కదిపినా ఎన్ని అడుగులకు ఏ రోడ్డు మునుగుతుందో, ఏ ఊరికి దారి తెగుతుందో చెబుతారు. 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడు, ఆ అంకె చెవినపడ్డవాళ్లకు సామాను సర్దాలా వద్దా అన్న సందేహం రాలేదు. ఏటి ఒడ్డు మనిషి తన గడప ఎత్తుతో పోల్చి చూసుకోగల కొలత అది.

విశాఖలో అదీ లేకపోయింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్‌ఆర్ వెంకటాపురం మీద కమ్ముకుంటే సైరన్ మోగలేదు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీయే ఆ సంగతి తేల్చింది. పన్నెండు మంది పోయాక పీపీఎంలు, మోనోమర్లు, ట్యాంకు ఉష్ణోగ్రతలు వారం పాటు చెవుల్లో పోశారు. నిద్రలో లేచి పరుగెత్తినవాళ్లకు ఆ మూడు గంటలవేళ తెలియాల్సింది గాలి ఎటు వీస్తోంది, ఎటు పోకూడదు అన్నంతే. పరిశ్రమల అత్యవసర ప్రణాళికలు కట్టలు కట్టలుగా ఉంటాయి. గోడ అవతల ఉన్న వీధికి వాటిలో ఒక్క పేజీ అయినా చదివి వినిపించాలని ఎవరికీ తోచదు.

తుపాను గురించి మొదలుపెట్టాను గానీ, నన్ను ఎక్కువ మండించేది ఎండ. మైదానాల్లో 40 డిగ్రీలు చేరి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతేనే వాతావరణ శాఖకు అది వడగాలి. లేదంటే ఏకంగా 45కు చేరాలి. మే నెలలో మామూలుగానే 42 ఉండే ఊళ్లో 44 కాస్తే అది లెక్కలోకి రాదు. ఉపాధి పనిలో మట్టి తవ్వే మనిషి ఒంటికి ఈ లెక్క ఎవరు చెబుతారు? 2015 వేసవిలో సర్కారు ఒప్పుకున్న లెక్క ప్రకారమే రెండు తెలుగు రాష్ట్రాల్లో 1,900 మంది దాకా వడదెబ్బకు పోయారు. అయినా 2021-26 కాలానికి కేంద్రం సాయమిచ్చే 12 విపత్తుల జాబితా చూడండి. చలిగాలులున్నాయి, చీడపీడలున్నాయి, వడగాలులు లేవు. ఆ జాబితా తయారుచేసినవాళ్ల ఆఫీసులో ఏసీ బాగా పనిచేస్తున్నట్టుంది.

తెలంగాణ 2025 ఏప్రిల్లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, పరిహారాన్ని యాభై వేల నుంచి నాలుగు లక్షలకు పెంచింది. సంతోషం. అయితే ఆ డబ్బు చేతికి రావాలంటే చావు వడదెబ్బ వల్లేనని తహసీల్దారు, ఎస్సై, ప్రభుత్వ డాక్టరు కలిసి తేల్చాలి. మధ్యాహ్నం చేనులో పడిపోయిన కూలీని సాయంత్రానికి దహనం చేసేసే ఇంట్లో పోస్టుమార్టం సంగతి ఎవరికి గుర్తుంటుంది? మర్నాడు పదకొండింటికి కమిటీ వచ్చేసరికి చూడ్డానికి ఏం మిగులుతుంది? పెద్ద వయసు, గుండెపోటు అని రాసుకుని వెళ్లిపోతారు. వేసవి సన్నాహాల మీద సమీక్షలు జరిపే కలెక్టర్లకు ఒక్క మనవి. మజ్జిగ కేంద్రాల లెక్క తర్వాత చూడొచ్చు. ఏ మండలంలో ఆ ముగ్గురూ కిందటేడు ఎన్ని ఇళ్లకు వెళ్లారో, ఎంతమందికి లేదు పొమ్మన్నారో ముందు అడగండి.