పేరులేని సమాధికీ హక్కుంది

ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలోని మూడు విగ్రహాలలో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన సంస్థాన దళాలకు 1922లో వెలసిన స్మారకమది. ఆ విగ్రహం వెనుకనున్న సిపాయీల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

ఆ యుద్ధంలో మరణించిన 45,000 నుంచి 54,000 మందికి, భారతీయులు సహా, సమాన స్మరణ దక్కలేదని కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘమే 2021లో అంగీకరించి క్షమాపణ చెప్పింది. 1999లో కార్గిల్‌లో, స్వదేశం స్వీకరించని పాకిస్తాన్ సైనికులను మన సైన్యం ఇస్లామీయ పద్ధతిలో ఖననం చేసింది. ప్రత్యర్థికి దక్కిన మర్యాద స్వజనానికి దక్కవద్దా?

జనాజా నమాజు ఫర్జె కిఫాయా. ఎవరూ నెరవేర్చకుంటే దోషం అందరిదీ. పేరు నిలపడమూ అటువంటి సామూహిక బాధ్యతేనని మేము భావిస్తున్నాము. మేడిపల్లి మొదలుకొని ప్రతి మస్జిద్ కమిటీ పాత ఫౌజు కాగితాలు, పతకాలు ఉన్న ఇళ్లను వెదికి పేర్లు నమోదు చేయాలి. ప్రభుత్వం నిజాం కాలపు సైనిక దస్త్రాలను పరిశీలించి, జిల్లాలవారీ జాబితా ప్రకటించాలి.