ఊరి గడియారం ప్రకారం తింటేనే ఊరు దొరుకుతుంది

2024 జూలైలో బార్సిలోనా నుంచి వచ్చిన ఒక వీడియో మీ ఫోన్‌లోకి కూడా వచ్చే ఉంటుంది. రోడ్డు పక్కన రెస్టారెంట్ టేబుళ్ళ దగ్గర కూర్చున్న టూరిస్టుల మీద స్థానికులు బొమ్మ తుపాకులతో నీళ్ళు చిమ్మారు. చూడ్డానికి సరదాగానే ఉంది. కానీ వాళ్ళ గొడవ మాత్రం సరదా కాదు. ఇళ్ళన్నీ టూరిస్ట్ అపార్ట్‌మెంట్లు అయిపోయి, అద్దెలు పెరిగి, పుట్టిన వీధిలోనే ఇల్లు దొరకని పరిస్థితి. అందుకే అక్కడి నగరపాలక సంస్థ 10,101 టూరిస్ట్ అపార్ట్‌మెంట్ల లైసెన్సుల్ని 2028 నవంబర్ తర్వాత కొనసాగించబోమని ప్రకటించింది.

మరి మనం వెళ్ళొచ్చా? వెళ్ళొచ్చు. పోర్టో నుంచి మొదలుపెట్టి లిస్బన్, కాడిజ్, వాలెన్సియా మీదుగా బార్సిలోనా దాకా తీరం పట్టుకుని తిరగడం 12 రోజుల్లో హాయిగా అయిపోయే ట్రిప్. ఒకే షెంగెన్ వీసా రెండు దేశాలకీ సరిపోతుంది. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి అప్లై చేయాలి, అంతే. కాకపోతే ఈ ట్రిప్‌లో ఏం తినాలి అన్నదానికన్నా ఎప్పుడు తినాలి అన్నది ముఖ్యం.

ఎందుకంటే స్పెయిన్‌లో లంచ్ మధ్యాహ్నం 2 నుంచి 3.30 మధ్య. డిన్నర్ రాత్రి 9 తర్వాతే. మ్యాప్‌లో చూస్తే స్పెయిన్ దాదాపు ఇంగ్లండ్ కిందే ఉంటుంది, గడియారం మాత్రం జర్మనీది. 1940లో ఫ్రాంకో ప్రభుత్వం గంట ముందుకి జరిపింది, మళ్ళీ వెనక్కి తిప్పలేదు. సూర్యుడు లేటు, భోజనం లేటు. సాయంత్రం 6కే ఆకలేసి బయటికొస్తే తెరిచి ఉండేవి చాలావరకు టూరిస్టుల కోసం పెట్టిన హోటళ్ళే. ఫొటోల మెనూ, ఫ్రీజర్‌లోంచి తీసిన పాయెల్లా, రెట్టింపు బిల్లు. ఊరివాళ్ళు తినే టైముకి వెళ్తే ఊరివాళ్ళ కోసం వండేచోట కూర్చుంటాం. మన డబ్బు కూడా ఆ వీధిలోనే ఉంటుంది.

పోర్టోతో మొదలుపెడదాం. పోర్చుగల్ గడియారం స్పెయిన్‌కంటే గంట వెనక. లంచ్ 12.30కే మొదలు, డిన్నర్ 8కి. అంటే మన కడుపుకి కాస్త అలవాటైన టైమే. మధ్యాహ్నం మెట్రో ఎక్కి మటోజిన్యోస్ వెళ్ళండి. చేపల రేవు ఊరు. వీధిలోనే బొగ్గుల పొయ్యిలు పెట్టి చేపలు కాలుస్తుంటారు. రాళ్ళ ఉప్పు, ఆలివ్ నూనె, పక్కన ఉడికించిన బంగాళాదుంప, అంతే. మసాలా లేదేంటి అనిపిస్తుంది గానీ, చేప తాజాగా ఉంటే మసాలా గుర్తురాదు. సార్డీన్ చేపలైతే జూన్ నుంచి సెప్టెంబర్ దాకానే సీజన్.

సాయంత్రం డోరో నది మీద 1886లో కట్టిన ఇనుప వంతెన దాటితే గాయా. పోర్ట్ వైన్ గిడ్డంగులన్నీ అక్కడే. ఆ పెద్ద చెక్క పీపాని వాళ్ళు ఏమంటారో తెలుసా? 'పిపా'. మన పీపా వాళ్ళ మాటే! బొత్తాం, మేస్త్రి, అనాస కూడా పోర్చుగీసు ఓడలు దిగి వచ్చినవే.

పోర్టో నుంచి లిస్బన్‌కి రైల్లో సుమారు 3 గంటలు. పొద్దున్నే ఏదైనా కాఫీ కొట్టులో నిలబడి చిన్న కాఫీ, ఒక పాష్టెల్ ద నాటా తీసుకోండి. పైన మాడిన మచ్చలతో ఉండే గుడ్డు, పాల క్రీమ్ పఫ్ అది. బెలేంలో 1837 నుంచి అమ్ముతున్న ప్రసిద్ధమైన కొట్టు ఉంది. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చాలాచోట్ల రేటు తక్కువ. పక్కన ఆఫీసుకెళ్ళేవాళ్ళు రెండు గుక్కల్లో తాగేసి వెళ్ళిపోతుంటారు. అదే అసలు లిస్బన్.

బెలేంకి ఇంకో కారణంతో కూడా వెళ్ళాలి. వాస్కోడగామా 1497లో ఇండియాకి బయల్దేరింది అక్కడి నుంచే. జెరోనిమోస్ మఠంలో ఆయన సమాధి ఉంది. అమెరికా ఖండాల్లో పుట్టిన మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో మన తీరాలకి చేరింది. ఆ ఓడలు రాకముందు గుంటూరుకి మిరపకాయంటేనే తెలీదు. చిత్రం ఏంటంటే, మనకి కారం ఇచ్చిన ఊళ్ళో భోజనం చప్పగా ఉంటుంది. ప్రాణం ఆగకపోతే 'పిరి పిరి' అనండి, మిరపకాయల నూనె సీసా తెచ్చిస్తారు.

వాళ్ళు ప్రాణంగా తినే బకల్యావ్ అంటే ఉప్పుచేప. ఆ కాడ్ చేప వాళ్ళ సముద్రంలో దొరకదు. ఉత్తర అట్లాంటిక్ నుంచి, ఇప్పుడు ముఖ్యంగా నార్వే నుంచి వస్తుంది. ఒకట్రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి వండుతారు. పప్పుచారు, ఉప్పుచేప తిని పెరిగినవాళ్ళకి ఇది పరాయి వంటేం కాదు. రెండు జాగ్రత్తలు. 'మేయా దోజ్' అని అడగండి, అంటే హాఫ్ ప్లేట్, ఒకరికి చాలు. అడక్కుండానే టేబుల్ మీద బ్రెడ్, ఆలివ్‌లు పెడతారు. తింటే బిల్లులో పడతాయి, ముట్టకపోతే పడవు.

లిస్బన్ నుంచి కాడిజ్‌కి నేరుగా రైలు లేదు. బస్సులో సెవిల్ వెళ్ళి, అక్కడి నుంచి గంటన్నరకి పైగా రైలు ప్రయాణం. వాచీ గంట ముందుకి తిప్పుకోండి. మూడు పక్కలా సముద్రం ఉన్న ఊరు కాడిజ్. ఫినీషియన్లు కట్టారు, యూరప్‌లో అతి పాత ఊళ్ళలో ఒకటి. ఇక్కడ తినాల్సింది తొర్తియీతాస్ దె కమరోనెస్. పేరు చూసి కంగారు పడకండి. శనగపిండి, గోధుమపిండి జారుగా కలిపి, చిట్టి రొయ్యలు వేసి నూనెలో కరకరలాడేలా వేయిస్తారు. మనవాళ్ళెవరైనా రొయ్యల పకోడీ అనే అంటారు. చేపల వేపుడు కొట్లలో కాగితం పొట్లంలో కట్టిచ్చే 'కసోన్ ఎన్ అదోబో' కూడా వదలొద్దు. చిన్న సొరచేప ముక్కల్ని వెనిగర్, వెల్లుల్లి, జీలకర్రలో ఊరబెట్టి వేయిస్తారు. టైము సంగతి ఇక్కడా ఉంది. మార్కెట్‌లో చేపల బల్లలు మధ్యాహ్నం 3 లోపే సర్దేస్తారు. ఆదివారం పడవలు వేటకి వెళ్ళవు కాబట్టి సోమవారం తాజా చేప ఆశించకండి.

సెవిల్ నుంచి వాలెన్సియాకి ఫ్లైట్ తేలిక. ఈ ట్రిప్ మొత్తంలో గడియారం ఎక్కువగా పనిచేసేది ఇక్కడే. పొద్దున 10 దాటాక ఊరంతా 'ఎస్మోర్సారెట్' అంటుంది. పెద్ద బ్రెడ్ శాండ్‌విచ్, వేరుశెనగలు, ఆలివ్‌లు, చివర్లో కాఫీ. పొలాల్లో పనిచేసేవాళ్ళ నుంచి వచ్చిన అలవాటు. ఇక పాయెల్లా మధ్యాహ్నం వంట. వాలెన్సియావాళ్ళు రాత్రి దాన్ని తినరు. రాత్రి 7కి వేడి వేడి పాయెల్లా అని బోర్డు కనపడితే అది మన కోసం పెట్టిన బోర్డే. వాళ్ళ అసలు పాయెల్లాలో రొయ్యలుండవు. కోడి, కుందేలు, రెండు రకాల బీన్స్, కుంకుమపువ్వు ఉంటాయి. ఊరి పక్కనే ఉన్న అల్బుఫెరా చిత్తడి నేలల్లో పండిన బియ్యం వాడతారు. వెడల్పాటి పెనం మీద పలచగా పరిచి వండుతారు, బియ్యం వేశాక గరిటె పెట్టరు. అడుగున పట్టిన మాడుని 'సొకారాట్' అంటారు, దాని కోసం టేబుల్ దగ్గర పోటీ. మన ఇళ్ళలో గిన్నె అడుగు గోకిన ప్రతివాళ్ళకీ అర్థమయ్యే విషయం ఇది. కనీసం ఇద్దరికి వండుతారు, ముందే చెప్పి ఉంచడం మంచిది.

శాకాహారులకి ఒక హెచ్చరిక. స్పెయిన్‌లో 'వెహెతాల్' శాండ్‌విచ్ అంటే వెజ్ అని గ్యారంటీ లేదు, ట్యూనా చేప, గుడ్డు ఉండొచ్చు. 'సిన్ కార్నె, సిన్ పెస్కాదో' అనండి, మాంసం వద్దు, చేప వద్దు అని. టమాటా రుద్దిన బ్రెడ్, సెవిల్‌లో పాలకూర శనగలు, వాలెన్సియాలో తుంగ జాతి గడ్డలతో చేసే చల్లటి 'ఓర్చాతా' మిమ్మల్ని కాపాడతాయి.

ఆఖరి మజిలీ బార్సిలోనా, వాలెన్సియా నుంచి రైల్లో సుమారు 3 గంటలు. అందరూ బొకెరియా మార్కెట్‌కి పరుగెడతారు. సెల్ఫీల గుంపులు ఎక్కువై, కూరగాయలు కొనేవాళ్ళకి దారి లేక, 2015లోనే శుక్ర, శనివారాల్లో పెద్ద టూరిస్ట్ గ్రూపుల్ని లోపలికి రానివ్వకుండా ఆపాల్సొచ్చింది. నగరంలో అలాంటి మార్కెట్లు దాదాపు 40 ఉన్నాయి. సాంత్ అంతోనికో, సాంతా కతెరీనాకో వెళ్ళండి. అక్కడ మామ్మలు చేపల బేరం ఆడుతూ కనిపిస్తారు. ఆదివారం లంచ్‌కి ముందు వెర్ముత్ గ్లాసుతో ఆలివ్‌లు నమిలే టైము. మందు తాగనివాళ్ళు సోడాతో కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు.

పని రోజుల్లో మధ్యాహ్నం 'మెనూ దెల్ దియా' అడగండి. రెండు కోర్సులు, బ్రెడ్, డ్రింక్, స్వీటో కాఫీయో అన్నీ కలిపి సాధారణంగా 12 నుంచి 17 యూరోలు. 1960లలో ప్రభుత్వం టూరిస్టుల కోసం తప్పనిసరి చేసిన చవక భోజనం అది. కాలక్రమంలో ఉద్యోగుల రోజువారీ లంచ్ అయిపోయింది. అంటే అతిథి కోసం పెట్టిన పళ్ళెంలో ఇప్పుడు ఊరు తింటోంది. మనం వెళ్ళి ఆ టేబుల్ పక్కన కూర్చుంటే చాలు.

ఇదంతా చేస్తే అద్దెలు తగ్గిపోతాయా? తగ్గవు. దానికి చట్టాలు కావాలి. కానీ హోటల్లోనో హాస్టల్లోనో గది తీసుకోవడం, అపార్ట్‌మెంట్ అయితే లైసెన్స్ నంబర్ చూడటం, ఊరు తినే టైముకి ఊరితో కలిసి తినడం మన చేతుల్లో ఉన్నాయి. ఒక చేపల కొట్టు సెల్ఫీ జ్యూస్ కొట్టుగా మారుతుందా, చేపల కొట్టుగానే మిగులుతుందా అన్నది అక్కడ ఎవరు ఏం కొంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే మీ ట్రిప్ షీట్‌లో 'ఏం చూడాలి' పక్కన 'ఎన్నింటికి తినాలి' అని ఇంకో కాలమ్ పెట్టండి. మొదట అదే నింపండి.