పోలీసులు తెచ్చిన రోగికి హక్కులుండవా?

మానసిక సంక్షోభంలో ఉన్న మనిషి దగ్గరికి ముందు ఎవరు రావాలి? పోలీసా, వైద్యుడా? ప్రభుత్వ వేదికల మీద తరచూ వినిపించే జవాబు 'ఇద్దరూ కలిసి' అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ 'కలిసి' అన్న మాటకు మన వాడల్లో ఏ అర్థం వస్తుందో చూడకుండా ఈ భాగస్వామ్యానికి చప్పట్లు కొట్టలేం. స్టేషన్‌తో దళితులకున్న అనుభవం వేరు, ఆసుపత్రితో ఉన్న అనుభవం వేరు. ఆ రెండూ ఒకే మనిషి మీద ఒకే రోజు కలిస్తే ఏమవుతుందో 2020లో విశాఖపట్నం చూపించింది.

డాక్టర్ సుధాకర్ నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తు వైద్యుడు, దళితుడు. కోవిడ్ మొదలైన రోజుల్లో ఎన్-95 మాస్కులు సరిపడా ఇవ్వడం లేదని బహిరంగంగా మాట్లాడినందుకు 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆయన్ని సస్పెండ్ చేసింది. మే 16న విశాఖ జాతీయ రహదారి మీద, ఒంటి మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి కట్టిన స్థితిలో పోలీసులు ఆయన్ని ఆటోలో ఎక్కించారు. ఆ వీడియో దేశమంతా చూసింది. తాగి గొడవ చేస్తున్నాడని ఫోన్ వస్తే వెళ్లామన్నది పోలీసుల వాదన. ఆయన్ని ముందు కింగ్ జార్జ్ ఆసుపత్రికి, అక్కడి నుంచి ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తరలించారు. ఒక కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేశారు. సెషన్స్ జడ్జి నమోదు చేసిన గాయాలు ప్రభుత్వ నివేదికతో సరిపోలకపోవడంతో హైకోర్టు మే 22న విచారణను సీబీఐకి అప్పగించింది. కొడుకును విడిపించమని తల్లి హెబియస్ కార్పస్ వేయాల్సి వచ్చింది. జూన్ మొదటి వారంలో హైకోర్టు జోక్యంతోనే ఆయన ఆసుపత్రి గేటు దాటగలిగారు. 2021 మే 21న గుండెపోటుతో చనిపోయారు.

ఈ కేసును మనం ఎక్కువగా భావప్రకటన స్వేచ్ఛ కోణంలో, కుల దౌర్జన్యం కోణంలో చర్చించాం. రెండూ అవసరమే. పోలీసు, ప్రజారోగ్య వ్యవస్థల భాగస్వామ్యం కోణంలో మాత్రం చర్చ జరగలేదు. నిజానికి ఆ రోజు ఆ భాగస్వామ్యం ఆగిపోలేదు, పనిచేసింది. ఫోన్ వచ్చింది, పోలీసు వెళ్లాడు, మనిషిని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాడు, ఆసుపత్రి చేర్చుకుంది. కాగితం మీద చూస్తే అన్నీ వరుసగా జరిగినట్టే ఉంటాయి. మన భయం అక్కడే మొదలవుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో సెక్షన్ 100 పోలీసుల బాధ్యతల గురించి. దిక్కు లేకుండా తిరుగుతూ, మానసిక అనారోగ్యంతో తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నారని, లేదా తనకో ఇతరులకో ప్రమాదమని నమ్మడానికి కారణముంటే స్టేషన్ అధికారి ఆ మనిషిని 'రక్షణలోకి' తీసుకోవాలి. చట్టం అరెస్టు అనలేదు, రక్షణ అంది. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి. మనిషికి అర్థమయ్యే స్థితి లేకపోతే ఆ మనిషి నియమించుకున్న ప్రతినిధికి చెప్పాలి. వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకుండా, దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. అక్కడి వైద్యాధికారి పరీక్ష ఏర్పాటు చేయాలి. ఆసుపత్రిలో ఉంచాల్సినంత అనారోగ్యం లేదని తేలితే పోలీసులే తిరిగి ఇంటి దగ్గర దించాలి.

సెక్షన్ 3 ఇంకా ముఖ్యం. ఒక మనిషి రాజకీయ, ఆర్థిక, సామాజిక స్థాయిని బట్టి మానసిక అనారోగ్యం ఉందని నిర్ణయించకూడదని అది చెబుతుంది. చుట్టూ ఉన్నవాళ్ల నైతిక, సామాజిక, రాజకీయ విలువలకు తలవంచలేదన్న కారణమూ చాలదు. ప్రశ్నించిన దళితుడికి 'మెంటల్' అన్న ముద్ర వేయడం ఊళ్లో కొత్త కాదు. ఆ ముద్ర మీద ఆసుపత్రి స్టాంపు పడకుండా ఆపాల్సిన సెక్షన్ ఇది.

సెక్షన్ 27 ప్రకారం, ఉచిత న్యాయ సహాయం ఉందని పోలీసు అధికారే ఆ మనిషికి చెప్పాలి. సెక్షన్ 30 ప్రకారం పోలీసులకు ఈ విషయాల్లో ఎప్పటికప్పుడు అవగాహన శిక్షణ ప్రభుత్వమే ఇవ్వాలి. కాబట్టి ఇక్కడ చట్టం కొరత లేదు. కానీ మొదటి నిర్ణయమంతా ఒక పోలీసు అధికారి 'నమ్మకం' మీద ఆధారపడి ఉంది. ఎవరు ప్రమాదకరంగా కనిపిస్తారు, ఎవరి గొంతు గొడవలా వినిపిస్తుంది అనేది ఈ దేశంలో కులంతో సంబంధం లేని విషయం కాదు. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు 16.6 శాతం. జాతీయ నేర గణాంకాల సంస్థ జైలు నివేదికల్లో ఏటా ఖైదీల్లో దాదాపు ఐదోవంతు ఎస్సీలే. జైలు గేటు దగ్గర కనిపించే ఆ తేడా మానసిక ఆసుపత్రి గేటు దగ్గర మాయమవుతుందని ఎలా అనుకోగలం?

'ఆయనకు పిచ్చి లేదు' అంటే సరిపోదు

సుధాకర్ విషయంలో మనవాళ్లు చాలామంది 'ఆయనకు పిచ్చి లేదు' అని వాదించారు. ఆ కోపం మాకు అర్థమవుతుంది. కానీ ఆ వాదనలో ఒక చిక్కుంది. పిచ్చి ఉంటే కట్టేయొచ్చా? నిజంగానే సంక్షోభంలో ఉన్న దళిత మనిషిని రోడ్డు మీద తాడుతో కట్టి ఆటోలో పడేయడం చెల్లుతుందా? ఆయన ఆరోగ్యం గురించి తీర్పు చెప్పే పని మాది కాదు. ఉన్నా లేకపోయినా ఆ తాడు తప్పే. మనిషికి సంకెళ్లు వేయడం మామూలు పద్ధతి కాకూడదని సుప్రీంకోర్టు 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో చెప్పింది. 2017 చట్టం గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. ఆసుపత్రిలో సైతం, తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడు, మానసిక వైద్యుడి అనుమతితో మాత్రమే ఒంటిని కట్టడి చేయాలంది.

మన వాడల్లో నిద్ర పట్టని వాళ్లున్నారు, ఎవరో చంపడానికి వస్తున్నారని కేకలు వేసే వాళ్లున్నారు, అప్పు భారంతో పురుగుమందు డబ్బా పట్టుకున్న వాళ్లున్నారు. వాళ్లకు వైద్యం కావాలి. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, వైద్యం అందని వాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని తేల్చింది. స్టేషన్ భయంతో ఫోన్ చేయని తల్లులు కూడా ఆ లెక్కలోనే ఉంటారు. వైద్యం అందకపోవడం, పోలీసు ముందు రావడం ఒకే లోటుకు రెండు వైపులు. క్లినిక్ లేని చోటికి జీపు వస్తుంది.

కొత్త శిక్షాస్మృతి మరో మెలిక పెట్టింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత సెక్షన్ 309 భారతీయ న్యాయ సంహితలో లేదు. మంచిదే. కానీ ప్రభుత్వోద్యోగిని విధి నుంచి ఆపడానికో, ఒత్తిడి చేయడానికో ఆత్మహత్యాయత్నం చేస్తే ఏడాది దాకా శిక్ష వేసే సెక్షన్ 226 వచ్చింది. పట్టా భూమి కోసం తిరిగి తిరిగి కలెక్టరేట్ ముందు పెట్రోలు పోసుకునే మనిషి ఎవరు? 2017 చట్టం సెక్షన్ 115 ఆ మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్న వ్యక్తిగా భావించి వైద్యం, పునరావాసం ఇవ్వమంటుంది. 226 ముద్దాయిగా చూడమంటుంది. ఏ సెక్షన్ తీయాలో అక్కడ ముందు నిర్ణయించేది మళ్లీ పోలీసే.

వేరే దారులు

అమెరికాలోని మెంఫిస్ నగరంలో 1987లో సంక్షోభంలో ఉన్న ఒక నల్లజాతి యువకుడిని పోలీసులు కాల్చి చంపాక, మరుసటి ఏడాది పోలీసులకే ప్రత్యేక శిక్షణ ఇచ్చే పద్ధతి మొదలైంది. ఆరెగాన్‌లోని యూజీన్ నగరం 1989లో వేరే దారి పట్టింది. ఆయుధం లేని ఒక వైద్య సహాయకుడు, ఒక సంక్షోభ కార్యకర్త వ్యానులో వెళ్లేవారు. ఆ సేవ మూడున్నర దశాబ్దాలు నడిచి, 2025 ఏప్రిల్‌లో ఆ నగరంలో ఆగిపోయింది. మొదటిది పోలీసును మార్చాలనుకుంది, రెండోది పోలీసు లేకుండా వెళ్లాలనుకుంది. పోలీసు లేని దారి సాధ్యమే, స్థిరమైన నిధులు లేకపోతే అది నిలవదు అన్నవి మనకు పాఠాలు.

మన దగ్గర 2005లో హైదరాబాద్ నుంచి మొదలైన 108 ఉంది. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఫోన్‌లో మాట్లాడే ఆ వ్యవస్థను రోడ్డు మీదికొచ్చే 108తో కలిపితే ముందు వెళ్లేది జీపు కాదు, అంబులెన్స్ అవుతుంది. అందులో మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన నర్సు ఉండాలి. ఆయుధం ఉన్న చోట తప్ప పోలీసు వెనకే ఉండాలి. సెక్షన్ 100 కింద తెచ్చిన ప్రతి మనిషి వివరం కులంతో సహా నమోదై, పేర్లు లేకుండా ఏటా బయటికి రావాలి. లెక్క లేని చోట వివక్షను నిరూపించలేం.

ప్రభుత్వం కోసం ఆగకుండా మనం చేయగలిగిన పనీ ఒకటుంది. సెక్షన్ 14 ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరైనా తెల్ల కాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి తన ప్రతినిధిని ఎంచుకోవచ్చు. ఆ ప్రతినిధి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. స్టాంపు పేపరు అక్కర్లేదు. సెక్షన్ 89 కింద రోగి సమ్మతి లేకుండా చేర్చుకోవాలంటే ఆసుపత్రికి ఈ ప్రతినిధి దరఖాస్తు కావాలి. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. ఆ చేరిక 30 రోజులు మించకూడదు. దాన్ని సమీక్షా బోర్డులో సవాలు చేయొచ్చు. అట్రాసిటీ చట్టాన్ని వాడవాడలా చదివి వినిపించిన సంఘాలకు, హాస్టళ్లలో స్టడీ సర్కిళ్లు నడిపే విద్యార్థులకు ఇది కొత్త పని కాదు. ఇప్పటికే వైద్యం తీసుకుంటున్న వాళ్లున్న ఇళ్ల నుంచి మొదలుపెట్టి, ఒక్కో ఇంట్లో ఆ కాగితం రాయించాలి. జీపు వచ్చిన రోజున 'ఇతని తరఫున నేనున్నాను' అని కాగితం చూపించి అడిగే మనిషి పక్కనుండాలి.