కొండమీఁది గాలి

జూబిలీహిల్సు కొండమీఁదిది, చెంతనే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనము గలదు, కావున అచ్చటి గాలికి దోషము లేదని చదువుకొన్నవారే వాదించుచున్నారు. ఇది కన్నును నమ్ముకొన్న వాదము. ప్రాణము తీయునది కంటికిఁ గానరాని ధూళి. రెండున్నర మైక్రోమీటర్లకు మించని ఆ కణము వెండ్రుక మందములో సుమారు ఇరువదవ వంతు. ముక్కు దాని నాపఁజాలదు. ఊపిరితిత్తుల అడుగునకు దిగి, కొంత నెత్తురులోఁ గలియును. ఉబ్బసమే కాదు, గుండెపోటును పక్షవాతమును దాని ఫలములే. అది క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2013లో నిర్ణయించినది. ఘనపు మీటరు గాలిలో సాలు సగటున 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోఁ జెప్పఁగా, మన దేశము 2009లోఁ బెట్టుకొన్న హద్దు 40! మన ఊపిరితిత్తులు ఎనిమిది రెట్లు గట్టివి కాఁబోలు!

కలవారు కిటికీలు మూసి, గాలి వడకట్టు యంత్రము పడకగదిలోఁ బెట్టుకొందురు. వారి గేటు కావలివాని మాటేమి? చెక్‌పోస్టు కూడలిలో నిలుచు పోలీసు మాటేమి? ఫిల్మ్‌నగరు బస్తీనుండి నడచివచ్చు పనిమనిషికి ఏ వడపోత గలదు? యంత్రమునకు వేలు వెచ్చించు గృహస్థే మనిషికొక కారు చొప్పున రోడ్డుమీఁదికిఁ దెచ్చుచున్నాఁడు. అయ్యా, ముందు ఆ కార్లు తగ్గింపుఁడు. పెరటిలో ఆకులు కాల్పకుఁడు. మేడ పునాదికి రాళ్లు కొట్టించునాఁడు నీరు చల్లించి పరదాలు కట్టింపుఁడు.