ముద్ర సంతకం కాదు

పాత ఇంగ్లీషు వెండి సామాను అమ్మేవారి వర్ణనలు చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. చెంచా కాడ వెనుక 'హెచ్.బి.' అన్న ముద్ర కనబడితే చాలు, హెస్టర్ బేట్‌మన్ స్వహస్తాలతో మలచినదని రాసేస్తారు!

అది సంతకం కాదండీ, పూచీకత్తు. 1760లో భర్త జాన్ మరణించాక, 1761లో ఆమె లండన్ గోల్డ్‌స్మిత్స్ హాలులో ఆ ముద్రను నమోదు చేయించింది. వెయ్యికి 925 పాళ్ళ వెండి లేకపోతే జవాబు చెప్పుకోవలసినది ఆమె. అంతవరకే దాని అర్థం. సుత్తి పట్టినదెవరో అది చెప్పదు.

బన్‌హిల్ రో లోని ఆ కార్ఖానాలో కొడుకులూ, కోడలూ, పనివారూ ఉండేవారు. 1790లో ఆమె తప్పుకోగా పీటర్, జోనథన్‌ల ముద్ర వచ్చింది; మరుసటి ఏడే జోనథన్ పోతే అతని భార్య ఆన్ పేరు పీటర్ పేరు పక్కన చేరింది. కుటుంబం పేరు నిలిచింది, సరే. రేకు సాగగొట్టినవాడి పేరేది? అంచున పూసల వరుస దిద్దినవాడి పేరేది?

హెస్టర్‌ను నేను తక్కువ చేయడం లేదు. యాభై దాటాక, వైధవ్యంలో, పలుచని రేకుతో మధ్యతరగతి కొనగల టీపాత్రలు చేయించి అమ్మడం సామాన్యమైన దక్షతా? ఆ దక్షతను వదిలేసి, ప్రతి చెంచాకూ ఆమె చేతిలో సుత్తి పెట్టేవారిపైనే నా కోపం. అలా రాస్తే ధర పెరుగుతుంది మరి! 'బేట్‌మన్ కార్ఖానాలో చేసినది' అని రాయడానికి ఏమి అడ్డం?