ప్రతికి ప్రమాణము

ప్రతి వ్రాయుట ఒక పని, దానిని మాతృకతో సరిచూచుట మరియొక పని. తాళపత్రములతో మెలగిన మన పెద్దలు ఈ భేదమెరుగుదురు. బ్రౌను దొర వేమన పద్యముల ప్రతులను పలుచోట్ల సేకరించి, పండితులచేత ఒకదానితో నొకటి పోల్చిచూపించిన పిమ్మటనే 1829లో అచ్చువేయించెను.

ఆ శ్రద్ధ సీడీల విషయమున మనకు కొరవడినది. ఇరువది యేండ్ల క్రిందట పాటలను, ఉపన్యాసములను, విద్యార్థుల పరిశోధనలను సీడీల కెక్కించి బీరువాలలో నుంచితిమి. మనము వ్రాసికొను సీడీలలో నొక రంగుపూత యుండును. వెలుతురుకు, వేడిమికి అది క్రమముగా చెడును. అశ్వారావుపేట వేసవి యెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

అందలి ఫైళ్లను కంప్యూటరులో వేసికొన్నంతమాత్రమున పని ముగియదు. మొదటి సెక్టారు మొదలు తుదిదాక సీడీని ఉన్నదున్నట్లు దించినదే డిస్క్ ఇమేజి. సమాచారపు సీడీలో ప్రతి సెక్టారునందును 2048 బైట్ల విషయముతోపాటు తప్పులను పసిగట్టి సవరించు సంకేతములు అదనముగా నుండును. పాటల సీడీలో ఈ అదనపు రక్షణ లేదు. అందు 2352 బైట్లును ధ్వనికే చెల్లును. గీతపడినచోట యంత్రము ఇరుప్రక్కల ధ్వనినిబట్టి ఊహించి పూరించును. చెవి దానిని పట్టలేకపోవచ్చును. కావున వినిచూచుట సరిచూచుట కాదు.

పరీక్ష సులభమే. ఒకే యంత్రమున సీడీని రెండుమార్లు చదివించి, రెండు ప్రతులకును షా-256 అను గణనముచే 64 అక్షరముల ముద్రను రాబట్టవలెను. ఒక్క బిట్టు మారినను ముద్ర మారును. ముద్రలు కలియనిచో సీడీని మెత్తని గుడ్డతో నడుమనుండి అంచువైపు తుడిచి మరల చదివింపవలెను. కలిసిన ముద్రను కాగితముపై వ్రాసియుంచినచో, పదేండ్ల తరువాతనైనను ప్రతి చెడినదో లేదో తేలును. పాటల సీడీకి ఐఎస్‌ఓ ఫైలు పనికిరాదు; ధ్వనిని యథాతథముగా నిలుపు ఫైలును, పాటల హద్దులను తెలుపు క్యూ ఫైలును ఉండవలెను.

ఇంత పట్టుదల యెందుకని కొందరడుగవచ్చును. మణుగూరు మండలమునకు చెందిన సకిని రామచంద్రయ్యగారు కోయ వంశగాథలను కంఠస్థముగా పాడినవారు. 2022లో పద్మశ్రీ పొంది, 2024లో కన్నుమూసిరి. గాయకుడుండగా సందేహమును అడిగి తీర్చుకొనవచ్చును. ఆయన పోయిన పిదప రికార్డే మాతృక. అందు జారిపోయిన పలుకును చెప్పగలవారు లేరు.

ఉపాధ్యాయులు ఈ సెలవులలో బడి బీరువాలు తెరువవలెను. విద్యార్థులచేత ఈ పని చేయించి, ముద్ర కలిసిన ప్రతులను రెండు వేర్వేరు తావుల భద్రపరుపవలెను. పాఠపరిష్కరణమన నేమో వారికి ఇంతకంటె చక్కగా బోధించు పాఠ్యపుస్తకము లేదు.