ఎన్‌క్రిప్టెడ్ క్లౌడా? పేరు సరే, ముందు పాస్‌వర్డ్ మర్చిపోయి చూడండి

ఆనందపురం మండలం తర్లువాడలో గూగుల్ డేటా సెంటర్ అనగానే మావైపు కుర్రాళ్లది ఒకటే మాట: "క్లౌడ్ మన ఊరికే వచ్చేస్తోంది!" 2025 అక్టోబర్‌లో ప్రకటించిన ఈ విశాఖ ఏఐ హబ్ పెట్టుబడి ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు. సంతోషమే. కానీ సర్వర్ పక్కూళ్లో ఉన్నా సింగపూర్‌లో ఉన్నా, నా ఫోటోల తాళంచెవి ఎవరి దగ్గరుంది అన్నదే నా ప్రశ్న.

అందుకే నాకు ఎంటే నచ్చింది. మనవాళ్లకి "ఏంటే?" అని పిలిచినట్టు ఉంటుంది గానీ, మలయాళంలో దానర్థం "నాది". ఫోటోలు ఫోన్‌లోనే ఎన్‌క్రిప్ట్ అయ్యాకే సర్వర్‌కి వెళ్తాయి. యాప్‌ల కోడ్‌తో పాటు 2024లో సర్వర్ కోడ్ కూడా ఓపెన్ సోర్స్ చేశారు. "సేఫ్", "సెక్యూర్", "వాల్ట్" అని పేరులోనే హామీ ఇచ్చేసే ప్రాజెక్టులంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. పేరు మార్కెటింగ్ వాళ్లు పెడతారు, హామీ కోడ్ ఇవ్వాలి.

ఊరికే అనట్లేదు. 2024లో ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉందని చెప్పుకునే 5 సర్వీసుల్ని పరీక్షించారు: సింక్, పీక్లౌడ్, ఐస్‌డ్రైవ్, సీఫైల్, ట్రెసోరిట్. సర్వర్ దొంగ చేతిలో పడిందనుకుంటే ఏమవుతుందన్నది వాళ్ల పరీక్ష. మొదటి నాలుగింటిలోనూ తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. కొన్నింట్లో యూజర్ ఫోల్డర్‌లోకి కొత్త ఫైళ్లు జొప్పించేయొచ్చు కూడా! ట్రెసోరిట్ కాస్త మెరుగ్గా నిలబడింది.

మనం అంత లోతుకి వెళ్లలేం. కానీ కొత్త యాప్ ఏదైనా బీటాకి రాగానే నేను చేసే పని ఒకటుంది. పనికిరాని ఫోటోలు పది అప్‌లోడ్ చేసి, వేరే ఫోన్‌లో "ఫర్‌గాట్ పాస్‌వర్డ్" నొక్కుతా. మెయిల్‌కి లింక్ వచ్చి, కొత్త పాస్‌వర్డ్ పెట్టగానే ఫోటోలన్నీ ప్రత్యక్షమయ్యాయా? అయితే తాళంచెవి కంపెనీ దగ్గర కూడా ఉన్నట్టే. అన్‌ఇన్‌స్టాల్. ఎంటే అయితే 24 పదాల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే వాళ్లు కూడా ఏమీ చేయలేరు.

ఇది చిరాకే, ఒప్పుకుంటా. ఇంట్లో పెద్దవాళ్లకి ఇలాంటి యాప్ పెట్టిచ్చేటప్పుడు ఆ 24 పదాలూ కాగితం మీద రాసి, పట్టాదారు పాసుపుస్తకం ఉండే బీరువాలోనే పెట్టండి. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో మాత్రం పంపకండి బాబూ.